అద్దం తెల్లబడింది

మళ్ళీ తెల్లబడింది. తుడిచిన చేయి ఇంకా గాల్లో ఉండగానే, కింది అంచు నుంచి పైకి ఎవరో వెల్ల వేసుకుంటూ పోయినట్టు ముందు అద్దమంతా తెల్లబడింది, ఇక రోడ్డూ లేదు, గాలికి మంచు రోడ్డు మీదికి కొట్టకుండా పాతిన ఇనుప కంచే లేదు, కంచె అవతలి ఉల్లి పొలాలూ లేవు. లారీలవాళ్ళు చక్రాలకు గొలుసులు కట్టుకోవడానికి వదిలిన జాగాలోకి కారును ఎలాగో తోయగలిగింది చిగుసా, అదృష్టం బాగుండి. తువ్వాలు ఒళ్ళో పడేసుకుంది, ఆ తువ్వాలూ తడిసి జిగురుగా ఉంది, ముట్టుకున్న వేళ్ళను ఎక్కడ తుడుచుకోవాలో తెలియడం లేదు. బయట సున్నాకి పదిహేడు డిగ్రీలు కింద. పక్క సీట్లో మామగారు యసుజో, ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, ఎండు సాల్మన్ ముక్క ఒకటి దవడకు పెట్టుకుని నములుతూ ఊపిరి వదులుతున్నాడు. ఊపిరి వదలొద్దని ఒక మనిషికి ఎలా చెబుతారు? వదిలిన ప్రతి ఊపిరీ వెళ్ళి అద్దానికి అంటుకుంటోంది, ఎండు చేపా, రాత్రి నీళ్ళలో పెట్టడం మరిచిన కట్టుడు పళ్ళూ, పళ్ళ సందుల్లో నిన్నటి ముల్లంగి ఊరగాయా, అన్నీ కలిసిన ఆవిరి. ఆ ఆవిరిని తను తన తువ్వాలుతో తుడుస్తోంది. తుడిచింది పొయ్యేది ఎక్కడికి, తువ్వాల్లోకి, తువ్వాల్లోంచి తన వేళ్ళకి.

తొమ్మిది నలభై. కితామి పట్నం పోలీసు స్టేషన్లో లైసెన్సుల కిటికీ పదకొండున్నరకు మూసేస్తారు. మామగారి డ్రైవింగు లైసెన్సు అక్కడ తిరిగి ఇచ్చేయాలి, ఆయన కారు ఆ పక్క వీధిలో పాత కార్లవాడి దగ్గర వదిలేయాలి, ఇద్దరూ బస్సెక్కి ఇంటికి రావాలి, ఇదీ ఇవాళ్టి పని. మూడు వారాల నుంచి అనుకుని, పోట్లాడి, చివరికి ముసలాయన చేత సరేననిపించిన పని. ఇవాళ పొద్దున్నే లేచి, కారులో ఉన్న తన సామానంతా కూరల దుకాణం సంచిలోకి ఎత్తుకున్నాడు, ఒక టార్చిలైటు, రెండు చేతొడుగులు, అవీ రెండూ ఎడమ చేతివే, ముక్కు తుడుచుకుని ఉండలు చుట్టిన కాగితాలు, అవి కూడా, వాటిని ఎందుకు తీసుకెళ్ళాలో ఆ దేవుడికే తెలియాలి. ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని, సంచి మీద లైసెన్సు ఉన్న కవరు పెట్టుకుని, కవరు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. చేప తుంపులు కవరు మీద రాలుతున్నాయి.

“అమ్మాయ్, ఆ మీట ఎడం పక్కకి లాగు.”

“లాగాను మామయ్యా.”

“మరి కుడి పక్కకి?”

“అదీ అయింది.”

“అయితే దుంప రుద్దు.”

“ఏం దుంప?”

“బంగాళాదుంప. సగం కోసి అద్దానికి రుద్దితే ఆవిరి పట్టదు. మా అమ్మ కిటికీలకి అలాగే రుద్దేది. ఒకటి పెట్టుకున్నా కార్లో. నువ్వే పారేశావ్.”

పారేయక దాచుకుంటారా. తలుపు జేబులో చెయ్యి పెడితే మెత్తగా, చల్లగా, వేలు లోపలికి దిగింది, ముందు చచ్చిన ఎలుకేమో అనుకుంది, తీసి చూస్తే సగం కోసిన బంగాళాదుంప, కోసిన వైపు నల్లబడి, దాని మీద బూజు, బూజు మీద ముసలాయన వెంట్రుక ఒకటి. పది రోజులు ఆ వేలితో బియ్యం కడగలేదు తను. అదే సాయంత్రం సప్పొరో నగరంలో ఉన్న భర్త మసనోబుకు ఫోను చేసి చెప్పింది, మీ నాన్న కారులో కుళ్ళిన దుంప పెట్టుకుని తిరుగుతున్నారండీ అని. అమ్మకి లాగే నాన్నకీ మతిమరుపు మొదలైందన్నమాట, అన్నాడు. ఆ మాట అనిపించడానికే తను ఫోను చేసిందా? ఏమో. దుంప ఎందుకు పెట్టుకున్నారని మాత్రం ఇద్దరిలో ఎవరూ ఆయన్ని అడగలేదు.

సరే, వరసగా చూద్దాం. ఉల్లిపాయలు ఏరే షెడ్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది, ఆరబెట్టే పెద్ద ఫ్యాను ఆగిపోతే మగవాళ్ళు వచ్చేదాకా ఆగకుండా తనే మూత తీసి చూస్తుంది, ఇదీ ఒక ఫ్యానేగా. కాళ్ళ దగ్గరి రంధ్రానికి చెయ్యి అడ్డం పెట్టింది. గాలి సన్నంగా ఉన్నా వెచ్చగానే ఉంది, అంటే ఇంజను వేడి లోపలికి వస్తోంది. ఫ్యానును నాలుగో అంకె మీద పెట్టింది. కారంతా అదిరేలా మోత, అద్దం కింది సందులో చెయ్యి పెడితే పిల్లి ఊపిరంత గాలి. అరుపు ఉంది, పని లేదు. మీటను లోపలి గాలి వైపు తోస్తే అప్పుడు దండిగా కొట్టింది, కానీ ఈ తడి గాలే, ముసలాయన నోట్లోంచి వచ్చిన గాలే తిరిగి తిరిగి ముఖాన కొట్టింది, అద్దం ఇంకా చిక్కగా తెల్లబడింది. బయటి గాలి వైపు తోస్తే మళ్ళీ పిల్లి ఊపిరి. కాబట్టి ఫ్యాను మంచిదే, వేడీ మంచిదే, బయటి పొడి గాలి లోపలికి రావడం లేదు. ఎక్కడో అడ్డం ఉంది. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరికీ తీరలేదు, తనతో సహా.

గాలి సందు మీదికి వంగినప్పుడు నోరు గట్టిగా మూసుకుంది. అలవాటైపోయింది. అక్టోబరులో తన కారు తనిఖీకి వెళ్ళిన వారం రోజులూ ఈ కారులోనే షెడ్డుకు వెళ్ళింది, పొద్దున ఆరింటికి, నిద్ర మత్తులో, ఇదే సీట్లో నోరంతా తెరిచి ఆవులించింది, ఆ సందులోంచి కంపు పురుగు ఒకటి సూటిగా ఎగిరొచ్చి నాలుక మీద వాలింది. తను నోరు మూసింది. మూసి కొరికింది. వద్దు, దాని గురించి ఇప్పుడు తలుచుకోకూడదు, కుళ్ళిన కొత్తిమీర కట్టను కిరసనాయిల్లో ముంచి నోట్లో కుక్కినట్టు, మూడు రోజులు అన్నం తిన్నా అదే, మిసో పులుసు తాగినా అదే, భర్త సెలవుకు వచ్చి దగ్గరికి జరిగితే తనే ముఖం తిప్పుకుంది. ఈ పురుగులు ఎక్కువగా వచ్చిన ఏడు మంచూ ఎక్కువేనంటారు ఇక్కడ, పోయినేడు రెండూ వచ్చాయి. చలి మొదలవగానే వెచ్చటి చోటు వెతుక్కుంటూ వచ్చి గోడల్లో, పరుపుల్లో, కార్లలో దూరతాయి. చంపితే ఆ కంపుకి మనమే చచ్చామన్నమాట, అందుకే ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఒక టేపు చుట్ట వేలాడుతూ ఉంటుంది, పురుగు మీద టేపు అంటించి, మడిచి, మూటకట్టి పారేస్తారు. ఆ రోజు షెడ్డులో కూడా, మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ నవ్వుతుంటే, తను తిండి మానేసి బయటికి వెళ్ళి, ఏం చేసింది, నోరు కడుక్కుంది. ఇరవై సార్లు కడుక్కుంది.

“ఆ రోజూ ఇంతే,” అన్నాడు ముసలాయన అద్దాన్ని చూస్తూ.

ఏ రోజో చిగుసాకి తెలుసు. మూడు వారాల కింద, పదకొండు గంటల వేళ, ముసలాయన ఈ కారుతో బడి బస్సు ఆగే చోట పాతిన గుర్తు స్తంభాన్ని గుద్దాడు. స్తంభం పడిపోయింది. పిల్లలు లేని వేళ కాబట్టి స్తంభమే పడింది. పొద్దున ఏడున్నరకైతే అక్కడ ఆరుగురు పిల్లలు వరసగా నిలబడి ఉంటారు, చిన్నదానికి ఆరేళ్ళు. అద్దం తెల్లబడింది, ఏమీ కనబడలేదు అన్నాడు ఆ రోజు. పోలీసుకూ అదే చెప్పాడు, కొడుక్కూ అదే చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో, అన్నాడు మసనోబు ఫోన్లో, స్పీకరు పెట్టి ఉందని తెలియక, ముసలాయన అక్కడే చలి కాచుకునే స్టవ్ పక్కన కూర్చుని ఉన్నాడని తెలియక. తను స్పీకరు ఆపలేదు. ఆయన వినాలనే ఆపలేదు. ముసలాయన లేచి వెళ్ళి స్టవ్‌లో కిరసనాయిలు నింపుకొచ్చాడు, అప్పటికే అది నిండుగా ఉంది, పొర్లిపోయి చాపంతా కారింది, ఆ చాపను కూడా తనే తుడిచింది. ఎన్నని తుడవాలి ఒక మనిషి.

ఆ రోజు ఆయన వెళ్తున్నది కొండ వైపు, అత్తగారు కినుయె ఉండే వృద్ధాశ్రమానికి. ఇంటి నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు. రెండేళ్ళుగా రోజూ, మట్టి గిన్నెలో జావ కాచి, గుడ్డలో చుట్టి, ఇదిగో ఈ పక్క సీట్లోనే పెట్టుకుని వెళ్ళేవాడు. మూతకు కంత ఉన్న గిన్నె, దారి పొడుగునా ఆవిరి కక్కుతూ ఉంటుంది. కినుయెకి ఎవరూ గుర్తు లేరు, ఈయన కూడా లేడు, కానీ ఈయన పట్టుకున్న చెంచాకే నోరు తెరుస్తుంది. అక్కడ పనిచేసే పిల్లలు పెడితే పళ్ళు బిగిస్తుంది. ఒకసారి చిగుసా కూడా వెళ్ళి చూసింది, గడ్డం మీదికి కారిన జావను ముసలాయన అదే చెంచాతో గీకి మళ్ళీ నోట్లో పెట్టాడు, చివర మిగిలింది తను తినేశాడు, అదే చెంచాతో. చిగుసా వరండాలోకి వెళ్ళి నిలబడింది. లైసెన్సు పోతే రోజూ ఎవరు తీసుకెళ్తారని మసనోబు అడిగినప్పుడు, ఆదివారాలు నేను తీసుకెళ్తాలెండి, అంది. మిగతా ఆరు రోజుల మాట అతనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. వారానికి ఒక్కసారైతే ఆ చెంచాను చూడగలననుకుంది. మంచి కోడలని ఊళ్ళో అనుకుంటారు కూడా.

ముసలాయన ముందు ఉన్న చిన్న డబ్బాను ఊడదీసి, దాని వెనక చేతులు దూర్చింది. ఆయన మోకాళ్ళకు తన భుజం తగులుతోంది. ఆయన మోకాళ్ళు పక్కకు తిప్పుకున్నాడు, పాపం, తిప్పుకున్న వైపు నుంచి కూడా అదే వాసన. గాలి వడకట్టే ఫిల్టరు బయటికొచ్చింది. బూడిద రంగు, తడి, దాని మడతల్లో ఉల్లిపొట్టు, దుమ్ము, కాళ్ళు ముడుచుకుని ఎండిన కంపు పురుగులు, పది పన్నెండు, లెక్కపెట్టే ఓపిక లేదు. ఒకటి ఎండలేదు. కారు వెచ్చదనానికి లేచి, తీరిగ్గా ఆమె మణికట్టు మీదికి నడిచింది. చిగుసా కేక వేసి చెయ్యి విదిలించింది, అది డాష్‌బోర్డుకు తగిలి నలిగింది, అంతే, కారంతా అదే కంపు.

“టేపుతో పట్టాలమ్మా దాన్ని,” అన్నాడు ముసలాయన.

“టేపు ఎక్కడిది మామయ్యా ఇప్పుడు!” అని అరిచింది. ఇంతకాలం కడుపులో దాచుకున్న రోతంతా ఆ అరుపులో ఉంది, ఆయనకూ తెలిసే ఉంటుంది. నమలడం ఆపాడు. ఫిల్టరు లేకుండానే ఫ్యాను వేసి చూసింది, అప్పుడూ పిల్లి ఊపిరే. అంటే అడ్డం లోపల లేదు, బయట ఉంది, అద్దం కింద వైపర్ల మొదట్లో, గాలి దూరే జల్లెడ దగ్గర. మంచు గీకే కర్ర తీసుకుని దిగింది.

బయట గాలి ముక్కులో వెంట్రుకల్ని గడ్డ కట్టించింది, అయినా హాయిగా ఉంది, ఏ వాసనా లేదు. వైపర్లు ఎత్తిపెట్టి వాటి కింద గీకింది. పైన మెత్తటి మంచు, దాని కింద నవంబరు నుంచి కరిగి గడ్డకట్టి మళ్ళీ కరిగిన పాత మంచు. రోజూ అద్దం మీది మంచు దులుపుతారు గానీ ఈ మూలలోకి ఎవరు చూస్తారు. కర్ర చివరతో పొడిచింది. ఒక పెళ్ళ లేచింది. కింద ఆకుపచ్చ రంగు కనబడింది. ఆకుపచ్చ ఏమిటి, ఆకా, జనవరిలో ఆకు ఎక్కడిది అనుకుంటూ చేతొడుగు తీసి గోటితో లాగింది. గుడ్డ టేపు. ఉల్లిపాయల పెట్టెలకు వేసే ఆకుపచ్చ గుడ్డ టేపు, జల్లెడ ఈ చివర నుంచి ఆ చివర దాకా, మూడు వరసలు, గాలి చొరబడకుండా, చివరలు నున్నగా వేలితో నొక్కి, ఎవరో చాలా శ్రద్ధగా వేశారు.

భోజనాల వేళ. అందరూ నవ్వుతుంటే. తిండి మానేసి బయటికి వెళ్ళి, షెడ్డులోంచి టేపు చుట్ట పట్టుకుని, మూడు వరసలు. ఒక్క పురుగు కూడా రాకూడదు, చచ్చినా రాకూడదు అని పళ్ళు కొరుక్కుంటూ. మంచు పడగానే తీసేద్దామనుకుంది. వారం తిరగ్గానే తన కారు తనకొచ్చింది, ఈ కారు ఈయనకు పోయింది, ఈయన అద్దానికి దుంప రుద్దుకున్నాడు.

టేపు చరచరా ఊడింది. జిగురు వైపు పురుగులు అతుక్కుని ఉన్నాయి. చిగుసా దాన్ని పట్టుకుని నిలబడింది. అద్దం అవతల తెలుపులో ముసలాయన నీడ మాత్రమే ఉంది. ఆ నీడ చెయ్యెత్తి అద్దానికి ఒక చిన్న గుండ్రం రుద్దింది, గుండ్రంలోంచి ఒక కన్ను చూసింది. తన ముఖం తప్ప ఆయనకు ఏమీ కనబడదు ఆ కంతలోంచి, చేతులు కనబడవు. కంచె దగ్గర నడుము లోతు మంచు ఉంది. విసిరేస్తే ఏప్రిల్ దాకా ఎవరికీ దొరకదు. టేపును ఉండ చుట్టి కోటు జేబులో కుక్కుకుని కారెక్కింది.

ఫ్యాను వేయగానే గాలి ధాటిగా కొట్టింది. పొడి గాలి. అద్దం కింది నుంచి చంద్రవంకంత తేటబడి, పెరిగి, రోడ్డు వచ్చింది, కంచె వచ్చింది, పొలాలు వచ్చాయి. ముసలాయన నోరు తెరుచుకుని చూశాడు.

“బాగుచేసేశావే! ఏం తగులుకుందక్కడ?”

“మంచు మామయ్యా. గాలి దారికి అడ్డం పడింది.”

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. కారు రోడ్డెక్కింది. తనను చూస్తే తనకే ఉమ్మేయాలనిపించింది, కుళ్ళిన దుంప నయం, దాన్ని పారేయొచ్చు.

“మంచేనా,” అన్నాడాయన, చాలా రోజుల తర్వాత గొంతులో ప్రాణం వచ్చి. “పోన్లే. నేనింకా నా కళ్ళే అనుకున్నా. మీరిద్దరూ అంటుంటే నాకూ అదే అనిపించింది, తెలుపు అద్దం మీద కాదు, నా కళ్ళల్లోనే అని. రోజూ పొద్దున్నే లేచి క్యాలెండరు అంకెలు చదువుకునేవాణ్ణి, కనబడతన్నాయో లేదో అని. కినుయెకి కూడా చెప్పేశా, ఇంక ఆదివారాలే వస్తానని.”

“ఏమన్నారు అత్తయ్య?”

“ఏమంటది. నేను మాట్లాడుతుంటే నోరు తెరిచింది. చెంచా అనుకుంది.”

ఒక వంతెన దాటారు. ఇంకో మలుపు తిరిగారు. చిగుసా కారును పక్కకు తీసి ఆపింది. జేబులోంచి ఉండ తీసి, విప్పి, డాష్‌బోర్డు మీద ఆయన ముందు పెట్టింది. విప్పడం కష్టమైంది, వేళ్ళకు అతుక్కుంది.

ముసలాయన దాన్ని చాలాసేపు చూశాడు. “ఇది ఉల్లిపాయల టేపు.”

“అవును. నేనే వేశాను మామయ్యా, అక్టోబరులో. పురుగులు రాకుండా. తీయడం మరిచిపోయాను.”

క్షమించమని అడగబోయి ఆగింది. పోన్లే అంటాడేమోనని భయమేసింది. అనలేదు. ఎండిన పురుగునొకదాన్ని గోటితో టేపు మీంచి గీకి, కిందికి రాల్చాడు.

“దిగు,” అన్నాడు.

దిగింది. ఆయనా దిగి, బానెట్ పట్టుకుని మెల్లగా చుట్టూ నడిచి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. చిగుసా అటు వైపు ఎక్కింది. ఆయన కూర్చున్న మెత్త ఇంకా వెచ్చగా, కాస్త తడిగా ఉంది, చేప తుంపులు తొడల కింద గుచ్చుకుంటున్నాయి. సర్దుకుని కూర్చుంది. ఆయన కవరులోంచి లైసెన్సు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, సీటు ముందుకు జరుపుకున్నాడు, చిన్న అద్దం సరిచేసుకున్నాడు. కారు తిప్పాడు. కితామి వైపు కాదు, కొండ వైపు. ఆయన ఎక్కడ తప్పుతాడా అని ఆమె కళ్ళు అప్పటికీ వెతుకుతూనే ఉన్నాయి, ఆ పాడు బుద్ధి పోలేదు. మలుపు రాకముందే బ్రేకు తొక్కాడు, జారుడు ఉన్న చోట గేరు తగ్గించాడు. పది నలభై అయింది. జావ లేదు ఇవాళ, అక్కడి వంటింట్లో అడగాలి.

“మసనోబుకి చెప్పు,” అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“సాయంత్రం చెబుతాను మామయ్యా.”

“ఇప్పుడు. స్పీకరు పెట్టు.”

ఫోను తీసింది. వేళ్ళకు అంటిన జిగురు ఫోనుకూ అంటుకుంది.

“కంపు కొడుతున్నావమ్మాయ్,” అన్నాడు. “కిటికీ దించు.”

దించింది. గాలి ముఖాన కొట్టింది. అటు మసనోబు రెండో మోతకే ఎత్తాడు.

“ఏం, ఇచ్చేశాడా?”

“మద్దెల నిజంగానే ఓడేనండీ,” అంది చిగుసా. “చిల్లు పెట్టింది నేను.”